రెండు చేతులకూ ఒకే నెమలి

మధ్యాహ్నం రెండు దాటాక మా షాపు అద్దం తలుపు మీదికి ఎండ వస్తుంది. ఆ వేళకి తిన్న అన్నం కళ్ల మీదికి ఎక్కుతూ ఉంటుంది, బేరాలు పెద్దగా ఉండవు, మల్కాజ్‌గిరి స్టేషన్లోంచి రైలు కదిలినప్పుడల్లా అద్దం సన్నగా వణుకుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం ఆ అద్దంలో నెమలి నిలబడింది. ఒళ్లంతా వెలుతురు చుక్కలే. తోక దగ్గర చుక్కలు గుంపుగా, మెడ దగ్గర పలచగా, కన్ను ఉండాల్సిన చోట ఒకే ఒక్క చుక్క. రైలు పోతుంటే అది ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలింది. నేను చేతిలో ఫోన్‌తో స్టూలు మీద నిలబడి ఉన్నాను. ఫొటో తీయడం మరిచిపోయాను.

మొదటి నుంచి చెప్తాను. లేకపోతే మధ్యలో మొదలుపెట్టి మధ్యలోనే వదిలేస్తానని మా అమ్మ తిడుతుంది.

మాది బ్లౌజుల మీద మగ్గం వర్క్ చేసే షాపు. మాది అంటే అక్కది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, షాపు ఓనరు. నేను ఇంటర్ మధ్యలో మానేసి, అల్వాల్‌లో మా వీధిలోనే ఒకామె దగ్గర కుట్టు నేర్చుకుని, ఇక్కడ చేరాను. కొలతలు రాయడం, హుక్కులు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం నా పని. చివరిది ఎవరూ చెప్పకపోయినా చేసేదాన్ని.

మగ్గం మీద కూర్చునేది మాస్టర్ సాబ్. మగ్గం అంటే బట్ట నేసేది కాదు. నాలుగు కర్రల చట్రం, దాని మీద బ్లౌజు ముక్కను డోలు చర్మంలా బిగించి కడతారు. మాస్టర్ సాబ్ దాని ముందు మఠం వేసుకుని కూర్చుని, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి జరీ, పూసలు కుడతారు. ఆయన తిరుమలగిరి లాల్‌బజార్ నుంచి పాత మోపెడ్ మీద వస్తారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, మాతో తెలుగు. జుట్టు మొత్తం తెల్లబడినా మీసం మాత్రం నల్లగా ఉంటుంది. ఎందుకని ఒకసారి అడిగితే, "అది నా కన్న లేట్‌గ పుట్టింది బిడ్డా" అన్నారు.

ఆయన దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. దాని నిండా చుట్టలు చుట్టిన పల్చటి కాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక్కో బొమ్మ: నెమళ్లు, ఏనుగులు, మామిడి పిందెలు, తామరలు. బొమ్మ గీత పొడవునా సూదితో సన్నటి రంధ్రాలు పొడిచి ఉంటాయి. దాన్ని ఖాకా అంటారు. ఖాకాని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్ల పొడిని గుడ్డతో రుద్దితే, పొడి ఆ రంధ్రాల్లోంచి దిగి బట్ట మీద చుక్కల బొమ్మ పడుతుంది. ఆ చుక్కల వెంట సూది నడుస్తుంది. అదే కాగితం పట్టు మీద పనికొస్తుంది, వెల్వెట్ మీద పనికొస్తుంది, ఇంకో షాపులో ఇంకో మాస్టర్ చేతిలో కూడా పనికొస్తుంది. కొన్ని ఖాకాలు ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ ఇచ్చినవి. అంచులు పసుపుపచ్చగా మారాయి, బొమ్మ మాత్రం చెదరలేదు.

పోయిన సంవత్సరం పెళ్లిళ్ల ముందు అక్క కంప్యూటర్ మిషన్ కొన్నది. మనిషంత ఎత్తు, వరసగా సూదులు, పక్కన అరచేతి కన్నా కొంచెం పెద్ద స్క్రీను. బొమ్మ అందులో పెట్టి మీట నొక్కితే దానంతట అదే కుడుతుంది. వెయ్యి గోళ్లు బల్ల మీద తడుతున్నట్టు శబ్దం. మొదటి రోజు దాని స్క్రీను మీద అక్షరాలన్నీ చైనా భాషలో ఉన్నాయి. అక్క నడుము మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసి, "కోడలు ఇంట్ల కాలు పెట్టంగనే మన మాట ఇంటదా. జెర టైమియ్యాలె" అంది.

తర్వాత మాస్టర్ సాబ్ వైపు తిరిగింది. అక్క మాట కరుకు, మనసులో ఉన్నది దాచడం రాదు.

"మాస్టర్ సాబ్, మీ చెయ్యి బంగారమే, నేను కాదంటలే. గని మీకు వారం పట్టేది దానికి ఒక పూట. మీ డిజైన్లు దాంట్లకు ఎక్కుతే మంచిదే, మీరు బొమ్మలు ఇయ్యుండ్రి, అది కుడ్తది. ఎక్కకుంటే నేను రెడీమేడ్ డిజైన్లు ఆన్‌లైన్ల తీస్కుంట. గప్పుడు ఈ మగ్గం తీసి ఆడ ఇంకో మిషన్ పెట్టాల్సి వస్తది."

మాస్టర్ సాబ్ సూది ఆపలేదు. "ఎక్కితే ఎక్కుతది, లేకుంటే లేదు అమ్మా. ఇంట్ల కూసుంటే చేతులు గుంజుతయ్, అంతే" అన్నారు.

ఆ 'అంతే' నాకు నచ్చలేదు. ఎవరూ నన్ను అడగకముందే, "నేను ఎక్కిస్త అక్కా" అన్నాను. అన్నాక భయం వేసింది. కంప్యూటర్ అంటే నాకు తెలిసింది నెట్ సెంటర్లో హాల్‌టికెట్ తీయించుకోవడమే. అదీ తీసింది నేను కాదు, అక్కడుండే అన్న.

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా. సరే. వచ్చే పెద్ద ఆర్డర్ దాంతోనే చేద్దాం. అది సక్కగ వస్తే మాస్టర్ సాబ్ ఉంటడు. పో, షురూ చెయ్యి."

అలా మాస్టర్ సాబ్ ఉండటం, వెళ్లిపోవడం నా మీదికి వచ్చింది.

*

షాపులో ఉన్న వస్తువులు ఇవీ: అక్క ఖరీదైన ఫోను, నా మామూలు ఫోను, ఎవరో వాడి అమ్మేసిన ఒక లాప్‌టాప్, ఆ మిషను. నాలుగూ ఒకే గదిలో ఉన్నాయి. నాలుగూ కరెంటు తింటాయి. కానీ ఒకదానితో ఒకటి మాట్లాడవు. పెళ్లిలో పక్కపక్కన కూర్చున్న పాలివాళ్లలా ఎటో చూస్తుంటాయి.

నెమలి ఖాకాని బల్ల మీద పరిచి అక్క ఫోన్‌తో ఫొటో తీశాను. అందంగా వచ్చింది. లాప్‌టాప్‌లోకి పంపితే లాప్‌టాప్ దాన్ని తెరవలేదు, ఇది ఏ రకం ఫైలో నాకు తెలియదంది. నా ఫోన్‌తో తీసి మెసేజ్‌లో పంపాను. తెరుచుకుంది కానీ దారిలో చిక్కిపోయి వచ్చింది. రంధ్రాలన్నీ కలిసిపోయి నెమలి మీద పొగమంచు కప్పినట్టు ఉంది. సరే, వైరుతో కలుపుదామని చార్జింగ్ వైరు పెట్టాను. ఫోన్ చార్జ్ అయింది, ఫొటో మాత్రం కదల్లేదు. రెండు గంటలు కిందా మీదా పడ్డాక వీడియో చూస్తే తెలిసింది, కొన్ని వైర్లలో కరెంటు ఒక్కటే పోతుందట.

"ఏందీ, వైరు ఖరాబైందా?" అన్నారు మాస్టర్ సాబ్.

"ఖరాబ్ కాలే మాస్టర్ సాబ్. ఈ వైరు అన్నం మోస్తది గని కబురు మొయ్యదు."

ఆయన దానికి నవ్వి, "మా బామ్మర్ది గిట్లనే ఉంటడు" అన్నారు.

చివరికి లాప్‌టాప్‌లోనూ నా ఫోన్‌లోనూ బ్లూటూత్ పెట్టి, రెండింటికీ ఒకటే నంబరు కొట్టి కలిపాను. ఫొటో మెల్లగా వెళుతోంది. స్క్రీను మీద ఒక గీత చీమలా పాకుతోంది. మాస్టర్ సాబ్ మగ్గం మీంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు.

"బిడ్డా, ఇప్పుడు నెమలి యాడుంది?"

"ఫోన్ల నుంచి బయల్దేరింది. లాప్‌టాప్‌ల ఇంకా పడలే."

"మరి నడుమ యాడుంటది?"

"గాల్ల."

ఆయన తల ఎత్తి గదిలో పైకి చూశారు. కొంచెంసేపు అలాగే చూస్తూ ఉండి, "జెర ఫ్యాన్ బంద్ చెయ్యి మరి" అన్నారు.

నేను నవ్వాను గానీ లేచి ఫ్యాన్ ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు. ఆ కాస్తసేపు గదిలో గాలి నిలబడిపోయింది, జరీ పొట్టు ఎండలో తేలుతోంది. తోక మడుచుకుని, రంధ్రాల గుండా ఆకాశం కనపడుతూ, ఒక పక్షి మా తలల మీదుగా మెల్లగా దాటిపోతున్నట్టు నాకు అనిపించింది. మాస్టర్ సాబ్‌కి ఏమనిపించిందో. గీత పూర్తయ్యేదాకా ఇద్దరం పైకే చూస్తూ ఉన్నాం.

అంతలో బయటినుంచి అక్క లోపలికి వచ్చింది. "గింత ఉడుకుల ఫ్యాన్ ఎందుకు ఆపిండ్రు? నెమలి గుడ్లేమన్న పొదుగుతున్నదా?"

అయినా ఫొటో సరిగా లేదు. బల్ల మీద పెట్టి తీస్తే కాగితం ముడతలు, నా నీడ, అన్నీ పడుతున్నాయి. అప్పుడు ఖాకాని తీసుకెళ్లి అద్దం తలుపుకి నాలుగు మూలలా టేపు వేసి అంటించాను. బయట ఎండ, లోపల నీడ. రంధ్రాలు తెరుచుకున్నాయి. మొదట చెప్పాను కదా, ఆ నెమలి అప్పుడే వచ్చింది. ఎన్నేళ్లుగానో ఆ కాగితాన్ని బోర్లించి, రుద్ది, చుట్టి పెట్టిన మాస్టర్ సాబ్ కూడా దాన్ని అలా ఎప్పుడూ చూడలేదట. ఆయన చేతిలో సూది పట్టుకుని వచ్చి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత తోకలో ఒకచోట వేలు పెట్టి, "ఈడ రెండు పోట్లు ఎక్కువ పడ్డయ్. గప్పుడు చిన్నోన్ని" అన్నారు.

ఫొటో తీశాక దాన్ని లాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, గీత వెంట చుక్కచుక్కకీ మౌస్‌తో నొక్కుతూ పోవాలి. అప్పుడే మిషన్‌కి అర్థమయ్యే దారి తయారవుతుంది. రంధ్రానికో నొక్కుడు. మాస్టర్ సాబ్ ఎప్పుడో సూదితో పొడిచిన చోటల్లా నేను ఇప్పుడు వేలితో పొడిచాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. మూడో మధ్యాహ్నానికి కళ్లు మూసినా చుక్కలే. బస్సులో కూర్చుంటే ముందు సీటు రెక్సిన్ మీద, ఇంట్లో అమ్మ చీర మీద, కంచంలో ఆవాల మీద, అన్నిటి మీదా నొక్కబుద్ధి అయ్యేది.

తయారైన ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కి పెట్టాను. మిషన్ పెన్‌డ్రైవ్‌ని గుర్తే పట్టలేదు. ఇన్ని జీబీలది వద్దట, పాతకాలంది, తక్కువ జీబీలదే కావాలట దానికి. అలాంటిది ఇప్పుడు ఏ షాపులోనూ దొరకడం లేదు. మా నాన్న ఆటోలో పాటల కోసం పెట్టుకున్నది గుర్తొచ్చింది. అడిగితే నాన్న గుండెకాయ అడిగినట్టు చూశాడు. "పాటలు తీసెయ్యకు. సైడుకు జరుపు" అన్నాడు. సైడుకి జరిపి ఫైలు పెట్టాను. పేరు తెలుగులో రాశాను, మాస్టర్ సాబ్ నెమలి అని. స్క్రీను మీద వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. ఇంగ్లీషులో పొడుగ్గా రాస్తే అసలేమీ కనిపించలేదు. పొట్టిగా, ఏడు అక్షరాల్లో నెమలి ఒకటి అని ఇంగ్లీషు అక్షరాలతో రాశాక, గోరంత నెమలి స్క్రీను మీద మెరిసింది.

"ఎక్కింది మాస్టర్ సాబ్" అన్నాను.

ఆయన దగ్గరికొచ్చి కళ్లజోడు పైకి జరిపి చూశారు. "చిన్నగైంది పాపం" అన్నారు. "తొవ్వల తిండి లేకేమో."

*

పెద్ద ఆర్డర్ అల్వాల్ నుంచే వచ్చింది. ఒకావిడ, ఆమె కూతురు. కూతురి పెళ్లికి ఇంకా పదిరోజులుంది. వంకాయ రంగు పట్టుచీర, అందులోనే కలిసి వచ్చిన బ్లౌజు ముక్క. రెండు చేతుల మీదా మోచేతి దాకా నెమళ్లు కావాలన్నారు. మాస్టర్ సాబ్ ఖాకాని చూపిస్తే పెళ్లికూతురికి అదే నచ్చింది.

అక్క నావైపు చూసింది. ఇదే ఆ ఆర్డర్ అని నాకూ తెలుసు, మగ్గం దగ్గర తల వంచుకున్న మాస్టర్ సాబ్‌కీ తెలుసు.

బ్లౌజు ముక్క మీద కొలతల ప్రకారం రెండు చేతులు గీసుకుని మిషన్‌కి బిగించాను. మీట నొక్కాను. గోళ్ల చప్పుడు మొదలైంది. సూది ఎక్కడెక్కడికో దూకుతోంది. ముందు తోక చివర్లు, తర్వాత కాళ్లు, తర్వాత ఎందుకో ముక్కు. అన్నీ విడివిడిగా వస్తుంటే ఇది ఎప్పటికి పక్షి అవుతుందా అనిపించింది. కాసేపటికి దారాలన్నీ ఒకచోటికి వచ్చి ఒక్కసారే నెమలి అయింది. నిద్రలో ఎక్కడో తెలియని ఇంట్లో తిరుగుతూ ఉండి, ఒక తలుపు తీయగానే మన ఇల్లే అని తెలిసినప్పుడు ఉంటుందే, అలా ఉంది నాకు. మొదటి చెయ్యి అయింది. బట్ట జరిపి రెండో చేతికి అదే ఫైలు పెట్టి మళ్లీ మీట నొక్కాను. మాస్టర్ సాబ్ నమాజ్‌కి వెళ్లారు. నేను ఆ చప్పుడులో గోడకి చేరబడి, ఈ రేకు పెట్టెలోని ఏనుగులూ తామరలూ అన్నీ ఒక్కొక్కటే అద్దం మీద నిలబడి, గాలిలో దాటి, ఈ సూది కిందికి వచ్చి వాలడం ఊహించుకుంటూ ఉన్నాను. మాస్టర్ సాబ్ పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతూ ఉంటారు, అక్క ఆయనకు బిస్కెట్లు కూడా పెడుతుంది. అంత దూరం పోయింది నా ఊహ.

ఆయన తిరిగి వచ్చేసరికి రెండూ అయిపోయాయి. ముక్క విప్పి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని భుజాల మీదుగా వేసుకుని, ఒక నెమలి ఎడమ చెయ్యి మీదికి, ఒక నెమలి కుడి చెయ్యి మీదికి వచ్చేలా సర్దుకున్నారు. అద్దంలో చూసుకున్నారు.

"ఎట్లుంది మాస్టర్ సాబ్?"

"బిడ్డా, రెండూ ఒకే చెయ్యివి."

నాకు అర్థం కాలేదు. ఆయన రెండు చేతులూ పక్కలకి దించి నిలబడ్డారు. అప్పుడు కనిపించింది. ఎడమ చేతి నెమలి ముందుకు, గుండె వైపు చూస్తోంది. కుడి చేతి నెమలి ముఖం వీపు వైపు ఉంది. పెళ్లికూతురు ఎదురుగా వస్తుంటే ఒక నెమలి వస్తూ ఉంటుంది, ఇంకోటి పోతూ ఉంటుంది.

"రెండోదానికి కాగితం బోర్లేస్తం గద" అన్నారు ఆయన, మెల్లగా. ఖాకా ఒక్కటే ఉంటుంది. ఒక చేతికి రుద్దాక, కాగితాన్ని అటువైపు తిప్పి రెండో చేతికి రుద్దుతారు. నెమళ్లు ఎదురెదురు అవుతాయి. ఆయన ఆ పని చేయడం నేను వందసార్లు చూసి ఉంటాను. ఆయన చెయ్యి అంత తేలిగ్గా తిప్పేది, అది ఒక పని అని నాకు ఎప్పుడూ తట్టలేదు.

"తిప్పాలని చెప్పలేదేంది మాస్టర్ సాబ్?" ఏడుపు వస్తోంది నాకు.

"గది సుత చెప్తరా బిడ్డా? అన్నం పెట్టి నోరు తెరువుమని ఎవరన్న చెప్తరా?" అన్నారు. తర్వాత తనలో తను అన్నట్టు, "నాకు ఎవ్వరు చెప్పలే. నేను ఎవ్వరికి చెప్పలే" అన్నారు.

మిషన్ స్క్రీను మీద ఒక మూల రెండు త్రికోణాలు ఎదురెదురుగా ఉన్న గుర్తు ఉంది. రోజూ చూస్తున్నాను. అదేదో కంపెనీ గుర్తు అనుకున్నాను. నొక్కి చూస్తే గోరంత నెమలి టక్కున ఇటు తిరిగింది.

అక్క వచ్చింది. చూసింది. అరవలేదు, నాకు దానికే భయమేసింది. "ఇది చీరలకెళ్లి కోసిన ముక్క. ఈ రంగుల, ఈ అంచుతోని ఇంకోటి యాడ తెస్త? మొత్తం విప్పుతే పట్టు జల్లెడైతది." స్టూలు మీద కూర్చుని నుదురు రుద్దుకుంది. "ఎక్కిస్త ఎక్కిస్త అని ఎక్కిచ్చినవ్. సాలు. మాస్టర్ సాబ్, మీ మీద కోపం కాదు. ఈ ఆర్డర్ ఎట్లనన్న గట్టెక్కనీ, తర్వాత మగ్గం తీసేద్దాం. నాతోని ఈ పరేషాన్ కాదు."

మాస్టర్ సాబ్ ముక్కని మగ్గానికి బిగించమని నాకు సైగ చేశారు.

*

ఆ తర్వాత రెండున్నర రోజులు గదిలో మిషన్ చప్పుడు లేదు. ఆయన కుడి చేతి నెమలికి తలా మెడా మాత్రం విప్పమన్నారు. నేను బట్టని తిరగేసి, వెనకవైపు నుంచి చిన్న కత్తితో ఒక్కో పోగూ కోస్తూ తీశాను. మెడ ఉన్నచోట పట్టు మీద సన్నటి రంధ్రాలు మిగిలాయి. తల లేని నెమలి, వెనక్కి నడుస్తూ.

ఆయన ఈసారి పెట్టె తెరవలేదు. ఖాకా లేకుండా ఆయన కుట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. తెల్ల పెన్సిల్‌తో బట్ట మీద నేరుగా ఒక గీత గీశారు. నెమలి ఒళ్లు అటే పోతోంది. మెడ మాత్రం పైకి లేచి, వంపు తిరిగి, వెనక్కి వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఎవరో పిలిస్తే ఆగి వెనక్కి చూసినట్టు. పాత రంధ్రాలన్నీ ఆ మెడ వంపు కిందకి వచ్చేలా, మిగిలిపోయిన నాలుగైదిటి మీదికి ఒక ఈక రాలేలా గీశారు. ఆయన కుడుతుంటే నేను ఎదురుగా కూర్చుని పూసలు అందించాను. నాకు మాట్లాడకుండా ఉండటం చేతకాదు, అయినా మాట్లాడలేదు. రైళ్లు వచ్చాయి, పోయాయి. ఎండ అద్దం మీదికి వచ్చి, నేల మీద పాకి, మగ్గం కర్ర ఎక్కి, ఆయన మణికట్టు మీదికి చేరేది. ఆయన మణికట్టు కదిలితే వెలుగు కూడా కుట్టుకుంటూ పోతున్నట్టు ఉండేది. ఈ చెయ్యి ఇక్కడ ఇంక నాలుగు రోజులే ఉంటుంది అనుకునేదాన్ని. అనుకున్న ప్రతిసారీ ఒక పూస నా వేళ్ల మధ్య నుంచి జారిపోయేది.

పెళ్లికూతురూ వాళ్లమ్మా వచ్చిన రోజు బ్లౌజు కుట్టి తయారుగా ఉంది. అమ్మాయి వేసుకుని కర్టెన్ వెనక నుంచి వచ్చింది. వాళ్లమ్మ చూపు ముందు ఎడమ చెయ్యి మీద పడింది, తర్వాత కుడి చెయ్యి మీదికి పోయి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంది, ఒకటి ఒక తీరు, ఇంకోటి ఇంకో తీరు ఉంది?"

అక్క నోరు తెరిచింది. ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అని చెప్పబోతోందని నాకు తెలుసు. దానికి ముందే నా నోరు తెరుచుకుంది. "తప్పు నాదే ఆంటీ. మిషన్ల రెండోది తిప్పుడు మర్చిపోయిన. మాస్టర్ సాబ్ చేత్తోని దాని మెడ మళ్లిచ్చిండ్రు."

అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

అమ్మాయి అద్దం ముందు నిలబడి కుడి చెయ్యి ఎత్తింది, దించింది. నెమలి మీద వేలు పెట్టి మెడ వంపు వెంట నడిపింది. "మమ్మీ, ఇది ఇంటి దిక్కు చూస్తున్నది" అంది. అలా ఎందుకందో, ఏ ఇంటి దిక్కో చెప్పలేదు. వాళ్లమ్మ కొంచెంసేపు ఆ చెయ్యే చూస్తూ నిలబడింది. తర్వాత, "తియ్యి, విప్పు. చెమట పడ్తది" అంది. కవర్లో పెట్టుకుని వెళ్లిపోయారు. పొగడలేదు, తిట్టలేదు.

వాళ్లు వెళ్లాక అక్క చాలాసేపు కొలతల పుస్తకం తిరగేస్తూ కూర్చుంది. తిరగేస్తోంది కానీ చదవడం లేదు. సాయంత్రం షట్టర్ వేసే ముందు నాతో అంది.

"ఆ మెడ తిప్పిన నెమలి ఉన్నదిగ. అది సుత ఎక్కియ్యి మిషన్ల."

"దానికి ఖాకా లేదక్కా. మాస్టర్ సాబ్ డైరెక్ట్‌గ కుట్టిండ్రు. ఆయన మళ్ల కుడ్తేనే తెలుస్తది."

"కుట్టమను."

"మగ్గం తీసేస్తె ఎట్ల కుడ్తరు?"

అక్క తాళం చెవులు వెతుక్కుంటున్నట్టు బ్యాగులోకి చూసింది. "తీసేస్తనని ఎవరన్నరు? కొంచెం గోడ దిక్కు జరుపు, తొవ్వకు అడ్డమొస్తున్నది. మాస్టర్ సాబ్, రేపు లేట్ చెయ్యకుండ్రి."

మాస్టర్ సాబ్ చెప్పుల్లో కాలు పెడుతున్నారు. "నేనెప్పుడు లేట్ చేసిన అమ్మా. లేట్ చేసేది మోపెడ్" అన్నారు. ఆయన గొంతులో తేడా ఏమైనా ఉందేమో అని విన్నాను. ఏమీ లేదు. కాకపోతే చెప్పు పట్టీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు.

మర్నాడు మగ్గాన్ని ఇద్దరం కలిసి గోడ వైపు జరిపాం. దాని మీద పాత తెల్ల గుడ్డ బిగించాం. నేను లాప్‌టాప్ తెచ్చి పక్కన నేల మీదే కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ముక్కకీ అడుగుతుంది: దారం ఎటు నుంచి ఎటు పోవాలి, ఏది ముందు, ఏది తర్వాత. మొదటి నెమలికి నేను నాకు తోచిందేదో నొక్కేశాను. ఈసారి అలా చేయదలుచుకోలేదు.

"మాస్టర్ సాబ్, మెడ కాడ దారం కింది నుంచి పైకి పోతదా, పైనుంచి కిందికి వస్తదా?"

ఆయన వెంటనే చెప్పబోయి ఆగిపోయారు. నోరు కొంచెం తెరిచే ఉంది. కళ్లు మూసుకుని, చెయ్యి గాలిలో అటూ ఇటూ ఆడించి చూసుకున్నారు. తల అడ్డంగా ఊపారు.

"ఏమో బిడ్డా. ఎన్నడు చూస్కోలే."

"మరెట్ల?"

"ఆగు. కుడ్త. చెయ్యి ఏం చేస్తదో చూసి చెప్త."

కళ్లజోడు సర్దుకుని, సూది తీసుకుని, తెల్ల గుడ్డ మీదికి వంగారు. ఒక పోటు వేశారు. రెండోది వేశారు. వేరేవాళ్ల చెయ్యిని చూస్తున్నట్టు తన చెయ్యినే తల పక్కకి వంచి చూస్తున్నారు. తొందరపెట్టకూడదని నేను మౌస్ మీద వేలు ఆనించి కూర్చున్నాను.